బంక కారే పైన్ చెక్కని లేత్ మీద తిప్పడం: చెక్క ఏరుకోవడం నుంచి పాలిష్ దాకా

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవగ్గా దొరుకుతోంది కదా అని లేత్ మీద, అంటే చెక్క గిర్రున తిరుగుతుంటే ఉలితో గుండ్రంగా చెక్కే మెషిన్ మీద, స్టూల్ కాళ్ళు, ల్యాంప్ స్టాండ్లు తిప్పడం మొదలెట్టినవాళ్ళు అమలాపురం నుంచీ పాలకొల్లు నుంచీ అడిగేవి ఇంచుమించు అవే మూడు ప్రశ్నలు. ఉలికి బంక పట్టేస్తోంది, ఎమెరీ పేపరు పెట్టగానే బంక నిండి పేపరే నున్నగా అయిపోతోంది, పాలిష్ వేసిన కొన్నాళ్ళకి తేనె రంగు చుక్కలు పైకి తేలుతున్నాయి, ఏం చెయ్యాలండీ అని.

చూడ్డానికి మూడు వేరు వేరు గొడవల్లా ఉంటాయి గానీ మూడింటికీ మూలం ఒకటే, వేడి. పైన్ బంక చల్లగా ఉన్నంతసేపూ చెక్కలో గట్టిగా కదలకుండా ఉంటది, వేడెక్కితే మెత్తబడి బయటికొస్తది. అది ఉలి మొద్దుబారి రాపిడి పెట్టిన వేడైనా, పేపరు గట్టిగా నొక్కిన వేడైనా, మే నెల ఎండైనా సరే దానికి తేడా లేదు. అందుకని మన పనంతా రెండు ముక్కలు: రావాల్సిన బంకని పాలిష్‌కి ముందే బయటికి రప్పించెయ్యడం, మిగిలినదాన్ని పనిలో వేడెక్కనివ్వకపోవడం. కింద చెప్పే ప్రతి స్టెప్పూ ఈ రెంటిలో ఏదో ఒకదాని కోసమే.

ఉదాహరణకి 2 అంగుళాల లావు, 15 అంగుళాల పొడవు ఉండే స్టూల్ కాలు తీసుకుందాం, కొలతలన్నీ దానికే చెప్తాను.

1. చెక్క ఏరుకోవడం

అడితిలో పైన్ అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు, మనమే చూసుకోవాలి. మెషినరీ వచ్చిన పెట్టెలు, ప్యాలెట్ల చెక్క అయితే ముందు దాని మీద ముద్ర వెతకండి. విదేశాల నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్కకి గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర కాల్చో ప్రింటు చేసో ఉంటది, అందులో దేశం కోడ్, పక్కనే హెచ్‌టీ అనో ఎంబీ అనో రెండక్షరాలు ఉంటాయి.

హెచ్‌టీ అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి అరగంట పాటు తగిలేలా చేసింది. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించింది. ఎంబీ చెక్క ముట్టుకోకండి, పిల్లల బొమ్మలకైతే అసలే వద్దు. ముద్ర లేకుండా నూనె మరకలతో, మందు వాసనతో ఉన్న ప్యాలెట్ కూడా వదిలెయ్యండి, దాని మీద ఏం ఒలికిందో ఎవరికీ తెలీదు.

ఇక్కడే చాలామంది పొరబడేది ఏంటంటే, హెచ్‌టీ ముద్ర ఉంది కాబట్టి బంక కూడా ఆరిపోయుంటది అనుకుంటారు. 56 డిగ్రీలు పురుగుల్ని చంపడానికి. బంకలో ఉన్న టర్పెంటైన్ ఎగిరిపోయి అది గట్టిపడాలంటే చెక్క నడిమి దాకా 70 డిగ్రీలు దాటాలి, అది ఆరబెట్టే కొలిమిలో పని. కాబట్టి హెచ్‌టీ ముద్ర ఉన్న చెక్క కూడా బంక కారొచ్చు, కారుద్ది కూడా.

చెక్క చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి:

- చివర కోత దగ్గర వలయాలు దగ్గరదగ్గరగా ఉండాలి. వెడల్పుగా ఉంటే మెత్తటి భాగం ఎక్కువ, ఉలికి నార లేచిపోద్ది.
- మాను నడిబొడ్డు చుక్క ఉన్న ముక్క వద్దు, ఆరేకొద్దీ అక్కడి నుంచే పగులుద్ది.
- తేనె రంగులో, వెలుగుకి పెడితే కాస్త పారదర్శకంగా కనిపించే చారలుంటే అది బంక నిండిన చెక్క. అదే సైజు మిగతా ముక్కల కంటే బరువుగా కూడా ఉంటది. పొయ్యి అంటించడానికి బ్రహ్మాండం, లేత్‌కి పనికిరాదు.
- ముడులు చిన్నవైతే పర్లేదు. చుట్టూ నల్లటి గీత ఉన్న ముడి ఊడిపోయే రకం.
- మేకులు. పాత స్పీకర్‌లో అయస్కాంతం ఉంటే నాలుగు పక్కలా రాయండి, విరిగి లోపలుండిపోయిన మేకు ముక్క కంటికి కనపడదు.

ప్యాలెట్ పలకలు పల్చగా ఉంటాయి కాబట్టి రెండు మూడు అతికించాల్సొస్తది. అతికించే ముఖాలకి అదే రోజు చిత్రిక పట్టి, స్పిరిట్ గుడ్డతో ఒకసారి తుడిచి, అది ఆరాకే ఫెవికాల్ రాసి క్లాంపు బిగించండి. నిన్న చిత్రిక పట్టిన ముఖం మీద ఈ రోజుకి బంక పల్చటి పొరలా తేలి ఉంటది, దాని మీద ఫెవికాల్ సరిగ్గా పట్టదు, లేత్ మీద తిరుగుతుండగా జాయింట్ విడిపోతే ముక్క మీ మొహానికే వస్తది.

2. ఆరబెట్టడం

మన డెల్టాలో ఇది కొండప్రాంతం వాళ్ళు చెప్పినట్టు కుదరదు. వానాకాలంలో గాల్లో తేమ 80 శాతం దగ్గర ఉంటే చెక్క ఎన్నాళ్ళు ఆరబెట్టినా 16 శాతం తేమ దగ్గర ఆగిపోద్ది, అంతకన్నా కిందికి రాదు. పొడి రోజుల్లో 11, 12కి వస్తది. అందుకే శ్రావణ భాద్రపదాల్లో తిప్పిన కాలు వేసవిలో సన్నబడి స్టూల్ కన్నంలో ఊగుద్ది.

వీలైతే ముక్కలు ఫిబ్రవరి నుంచి మే లోపు తయారు చేసుకోండి. రెండు చివర్లకీ ఫెవికాలో మిగిలిపోయిన పెయింటో దట్టంగా పూసి, నేలకి ఆనకుండా రీపర్ల మీద, మధ్యలో గాలి ఆడేలా పేర్చండి. కాలవ గట్టు పక్క ఇళ్ళలో కింద గచ్చు నుంచే చెమ్మ ఎక్కుద్ది, అటక మేలు. ఆరిందో లేదో తెలుసుకోడానికి మీటర్ కొనక్కర్లేదు, కిచెన్ కాటా మీద వారానికోసారి ఒకే ముక్క తూచి దాని మీదే పెన్సిల్‌తో రాసుకోండి, బరువు తగ్గడం ఆగిపోతే మన వాతావరణానికి అది ఆరినట్టే.

3. బంకని ముందే కక్కించడం

మొత్తం పనిలో ఎక్కువ లాభం ఇచ్చే స్టెప్పు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే.

ముక్కని ముందు లేత్ మీద గుండ్రంగా చేసేసుకోండి (ఎలాగో కింద 4, 5, 6 స్టెప్పుల్లో ఉంది, ముందు అవి చదవండి), కానీ ఫైనల్ సైజుకి కాదు. 2 అంగుళాల కాలు కావాలంటే రెండుంపావు దగ్గర ఆపండి. పైన ఉన్న చెక్క పోయేసరికి లోపలి బంక తిత్తులు బయటపడతాయి, బంకకి దారి దొరుకుద్ది.

ఇప్పుడు చివర్లకి మళ్ళీ పూత పూసి మంచి ఎండలో రేకుల షెడ్డు మీద పెట్టండి. రోహిణి కార్తె ఎండలో రేకు మీద చెయ్యి పెట్టలేం కదా, ఆ వేడి మనకి కావాలి. గంటకోసారి పక్క తిప్పుతూ ఉంటే సాయంత్రానికి ముడుల చుట్టూ, చారల వెంబడి చిన్న చిన్న పూసల్లాగా బంక తేలుద్ది. వేడిగా ఉన్నప్పుడు తుడిస్తే సాగి చెక్కంతా పులుముకుంటది, రాత్రంతా చల్లబడనిచ్చి పొద్దున్నే పాత హాక్సా బ్లేడుతో గీకెయ్యండి, పెళుసుగా రాలిపోద్ది. తర్వాత టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. కొత్తగా పూసలు తేలడం ఆగేదాకా ఇలాగే రోజూ చెయ్యాలి.

రేకు మీద కూడా చెక్క నడిమి దాకా 70 డిగ్రీలు రావు కాబట్టి లోపలిది మొత్తం గట్టిపడిపోద్దని కాదు. పైపొరలో ఉన్నది మాత్రం పోద్ది, ఇంట్లో ఉండే వస్తువుకి అంతవరకూ చాలు.

హీట్ గన్‌తో, గ్యాస్ మంటతో త్వరగా కానిచ్చేద్దాం అనుకోకండి. బంకలోంచి లేచేది టర్పెంటైన్ ఆవిరి, అంటుకుంటది. పైగా చెక్క పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోద్ది.

4. లేత్ సిద్ధం చేసుకోవడం

మన దగ్గర వడ్రంగి షాపుల్లో ఎక్కువగా ఉండేవి మోటారు, బెల్టు, మెట్ల పుల్లీతో లోకల్‌గా చేయించుకున్న లేత్‌లు. మోటారు మీద 1440 అని ఉంటే లెక్క తేలిక: మోటారు పుల్లీ 3 అంగుళాలు, లేత్ పుల్లీ 4 అంగుళాలు అయితే చెక్క తిరిగేది నిమిషానికి 1080 చుట్లు. బెల్టుని అటు మార్చి 4 మీద నుంచి 3కి వేస్తే 1920. మన స్టూల్ కాలుకి చదరం ముక్కని గుండ్రం చెయ్యడానికి మొదటిది, ఫినిష్ కోతకి రెండోది. ఉజ్జాయింపుగా, అంగుళాల్లో లావుని చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 దాకా వెళ్ళొచ్చంటారు, కానీ అది బ్యాలెన్స్ సరిగ్గా ఉన్న ముక్కకి. చదరంగా ఉన్నప్పుడు తక్కువలోనే మొదలెట్టాలి.

టెయిల్‌స్టాక్ (మోటారుకి అవతలి చివర ముక్కని పట్టుకునే భాగం) సెంటరు, అంటే చెక్కలో గుచ్చుకునే మొన, తిరిగే రకమా, తిరగని రకమా చూసుకోండి. తిరగని మొన పైన్‌కి శత్రువు. రాపిడికి అక్కడ చెక్క మాడి, బంక ఉడికి, పొగ లేచి, కన్నం పెద్దదై ముక్క ఊగడం మొదలెడుద్ది. బేరింగు ఉన్న తిరిగే సెంటరు వేయించుకోండి, ఒక్కసారి ఖర్చు. అంతవరకూ మొనకి మైనం దట్టంగా పెట్టి, కాసేపటికోసారి మెషిన్ ఆపి మళ్ళీ పెట్టండి.

హెడ్‌స్టాక్ వైపు, అంటే మోటారు తిప్పే వైపు, పళ్ళ సెంటరు మెత్తటి చెక్కలో జారి గుల్ల చేసేస్తది. ముక్క చివర ఎక్స్ ఆకారంలో రంపంతో సన్నగా కోత పెట్టి, సెంటరుని లేత్ నుంచి విడిగా తీసి చెక్క సుత్తితో దిగ్గొట్టండి. లేత్‌లో ఉండగా కొడితే బేరింగులు పాడవుతాయి. మెత్తటి చెక్క నలుగుద్ది కాబట్టి తిప్పడం మొదలెట్టిన రెండు మూడు నిమిషాలకి ఆపి టెయిల్‌స్టాక్ మరో పావు చుట్టు బిగించాలి, ఇది మర్చిపోవద్దు.

స్విచ్ వేసే ముందు:

- లుంగీ, మెళ్ళో తువ్వాలు, చున్నీ, పొడుగు చేతులు, గ్లోవ్స్ ఏవీ వద్దు. చేతికి బంక అంటుకుంటుందని గ్లోవ్స్ వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.
- కళ్ళజోడు కాదు, మొహం మొత్తం కప్పే షీల్డు. మాస్కు కూడా, పైన్ బంక దుమ్ముకి కొందరికి చర్మం దద్దుర్లు, ఆయాసం వస్తాయి.
- టూల్ రెస్ట్ (ఉలి ఆనించే పట్టీ) చెక్కకి పావంగుళం దూరంలో. చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకోవాలి.
- టూల్ రెస్ట్ పైఅంచు స్పిరిట్‌తో తుడిచి కాస్త కొవ్వొత్తి రాయండి. అక్కడ బంక పేరుకుంటే ఉలి జారాల్సిన చోట ఆగి, ఎగిరి చెక్కలో దిగబడుద్ది.

5. ఉలి పదును

టేకు తిప్పిన ఉలితో పైన్ తిప్పితే అది కొయ్యదు, పీకుద్ది. పైన్‌లో ప్రతి వలయంలోనూ ఒక మెత్తటి పొర, ఒక గట్టి పొర ఉంటాయి. మొద్దు అంచు గట్టిదాన్ని కోసి మెత్తదాన్ని నలిపేస్తది. గోరుఉలి (గోరులా వంపు తిరిగిన ఉలి) అంచు 35 డిగ్రీల దగ్గరకి, స్క్యూ (అంచు ఏటవాలుగా ఉండే చదును ఉలి) అయితే రెండు వాలులూ కలిపి 30కి సాన పట్టండి, అంచు సన్నగా ఉండాలి. ఇంత సన్నటి అంచు త్వరగా పోద్ది, పోనివ్వండి, కాలుకి రెండుసార్లైనా పదును పెట్టుకోడానికి సిద్ధపడండి.

సానకి ముందు ఉలి మీద బంక టర్పెంటైన్‌తో శుభ్రంగా తుడవాలి. బంకతోనే సానరాయి మీద పెడితే రాయి రంధ్రాలు మూసుకుపోయి ఆ రాయి ఇంక కొయ్యదు, ఉలిని వేడెక్కించడం తప్ప.

6. తిప్పడం, వరసగా

i. నాలుగు మూలలూ పెద్ద గోరుఉలితో తీసెయ్యండి. చివర నుంచి ఒక రెండంగుళాలు లోపల మొదలెట్టి చివరకి తోలుకురావాలి, ఆ తర్వాత ఇంకో రెండంగుళాలు వెనక్కి. ఒకేసారి మొత్తం పొడవూ లాగితే పొడుగు చీలిక లేస్తది.

ii. గుండ్రం అయ్యాక ఆపండి. బంక కక్కించే పని ఇక్కడ, అంటే మూడో స్టెప్పు.

iii. తిరిగి ఎక్కించి పెన్సిల్‌తో డిజైన్‌లో పూసలూ (ఉబ్బెత్తు వలయాలు) గాళ్ళూ ఎక్కడో గుర్తులు పెట్టి, పార్టింగ్ ఉలితో (సన్నటి గాడి దించే ఉలి) లోతులు దించి, లావు కొలిచే క్యాలిపర్‌తో చూసుకోండి. ఫైనల్ కంటే ఒక మిల్లీమీటర్ మిగల్చండి.

iv. షేపు. ఎప్పుడైనా లావు వైపు నుంచి సన్నటి వైపుకే. గాడి చేసేటప్పుడు రెండు పక్కల నుంచీ కిందికి దిగి మధ్యలో కలవాలి, అడుగు నుంచి అవతలి గట్టుకి ఎక్కితే నార లేస్తది. ఇది ఏ చెక్కకైనా రూలే కానీ పైన్ దగ్గర క్షమించడం ఉండదు.

v. చివరి కోత స్క్యూతో, 1920 స్పీడు మీద, అంచు నడిమి కింద భాగంతో. ముందు ఉలి వాలు చెక్కకి ఆనాలి, తర్వాత పిడి మెల్లగా ఎత్తుతూ అంచు తగిలించాలి. పొట్టు రిబ్బన్‌లా, పల్చగా, కాస్త చల్లగా చేతి మీద పడుతుంటే సరిగ్గా ఉన్నట్టు. పిండిలా రాలుతున్నా, గోధుమ రంగుకి తిరిగినా పదును పోయింది, ఆపెయ్యండి. స్క్యూ అలవాటు లేనివాళ్ళు గోరుఉలిని పక్కకి వాల్చి అదే పని చెయ్యొచ్చు. స్క్రేపర్ మాత్రం పైన్ మీద పెట్టకండి, అది గీకుద్ది, గీకితే వేడి, వేడికి బంక.

నార లేచిన చోటు కనిపిస్తే ఎమెరీతో సరిచేద్దాం అనుకోవద్దు. పల్చటి లక్క పాలిష్ ఆ చోట రాసి ఆరనిస్తే లేచిన నార గట్టిపడుద్ది, అప్పుడు కొత్త పదునుతో ఒక్క పల్చటి కోత తీస్తే సాపు అయిపోద్ది.

7. ముడులు, బంక తిత్తులు

ఊగే ముడి కనిపిస్తే మెషిన్ ఆపి చుట్టూ ఫెవిక్విక్ చుక్కలు దించండి, ఆరాక తిప్పండి. ముడి మీదకి వచ్చినప్పుడు ఉలి నడక సగానికి తగ్గించాలి, చుట్టూ చెక్క మెత్తన, ముడి రాయి, అందుకే ఉలి గెంతుద్ది.

తిత్తి పగిలి పచ్చి బంక కారితే పాత ఉలి మొనతో మొత్తం గీకి తీసి, స్పిరిట్‌తో కడిగి, ఆరాక ఆ చెక్క పొట్టే ఎపాక్సీలో కలిపి నింపండి. బంక మిగిలుంటే ఎపాక్సీ పట్టదు. తిత్తి అరంగుళం కంటే పెద్దదైతే ఆ ముక్క మీద ఇంక టైము తగలెయ్యకండి.

8. ఎమెరీ పేపరు

ఫినిష్ కోత బావుంటే 180 నంబరు పేపరుతో మొదలెట్టొచ్చు, నంబరు పెరిగేకొద్దీ పేపరు నున్నన. 80, 100 దగ్గర మొదలెట్టాల్సి వస్తోందంటే కోత బాలేదని అర్థం, వెనక్కెళ్ళి కోతే సరిచేసుకోండి. గరుకు పేపరు మెత్తటి పొరని తినేసి గట్టి పొరని వదిలేస్తది, చేత్తో తడిమితే గీతలు గీతలుగా తగులుద్ది, ఆ తర్వాత ఎంత నున్నటి పేపరు పెట్టినా అవి పోవు.

- స్పీడు 600, 700కి దించండి. అంత తక్కువ పుల్లీ లేకపోతే మెషిన్ ఆపి చేత్తోనే రుద్దండి.
- తెల్లటి పౌడర్ పూత ఉన్న డ్రై పేపరు అడగండి, కార్లకి పెయింట్ వేసేవాళ్ళు వాడేది. దానికి బంక తొందరగా అంటుకోదు.
- తిన్నగా ఉన్న చోట పేపరు వెనక చెక్క బద్ద పెట్టండి. వేలు పెడితే అది మెత్తటి పొరలోకి వంగుద్ది.
- పేపరు వెనక వేలికి వెచ్చగా తగిలిందంటే ఎత్తెయ్యాలి, కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ.
- నల్లగా మెరిసే మచ్చలు పేపరు మీద కనిపిస్తే ఆ ముక్క పారేసి కొత్తది తీసుకోండి. ఆ మచ్చ చెక్క మీద గీత గీస్తది.
- ప్రతి నంబరు చివర్లో మెషిన్ ఆపి పొడవునా నాలుగుసార్లు లాగండి. 180, 220, 320, చాలు.

9. సీలర్, పాలిష్

అవిసె నూనె లాంటి నూనె ఫినిష్‌లు నేరుగా పైన్ మీద పెట్టొద్దు, అవి బంకని ఆపలేవు, ముడుల దగ్గర ఎన్నాళ్ళైనా జిగటగానే ఉంటది. బంకని ఆపేది లక్క. లక్క స్పిరిట్‌లో కరుగుద్ది, టర్పెంటైన్‌లో కరగదు, అందుకే కింద నుంచి బంక వచ్చినా ఆ పొర దాటి రాలేదు.

పావు లీటరు పాలిష్ స్పిరిట్‌లో 30 గ్రాముల లక్క రేకులు వేసి, గాజు సీసాలో రాత్రంతా ఉంచి, మధ్యమధ్యలో ఊపండి. కరిగాక కదపకుండా ఒకట్రెండు రోజులు పెడితే మైనం అడుక్కి దిగుద్ది, పైన తేటని నెమ్మదిగా వేరే సీసాలోకి వంపుకోండి. మైనం ఉన్నదాని మీద పీయూ (పాలియురేథేన్ పాలిష్), వార్నిష్ సరిగ్గా పట్టవు.

పూసే క్రమం: దుమ్ము తుడవడం, టర్పెంటైన్ గుడ్డతో ఒకసారి, అది పూర్తిగా ఆరాక ముడులకీ చారలకీ మాత్రమే రెండు పూతలు, తర్వాత మొత్తానికి రెండు పూతలు, మధ్యలో 320 పేపరు ఊరికే తాకించి. మర్నాడు పైన పీయూ గానీ, ఇంట్లో నీడన ఉండేదైతే మైనం పాలిష్ గానీ. తెల్ల పెయింట్ వేసేవాళ్ళు కూడా ఇదంతా చెయ్యాలి, లేకపోతే పెయింట్ కింద నుంచి ముడులు పసుపు మచ్చలుగా బయటపడతాయి.

ముసురు పట్టిన రోజు లక్క పూయకండి. స్పిరిట్ ఎగిరేటప్పుడు చల్లబడి గాల్లో తేమ దాని మీదకి దిగి తెల్లగా పొగ పట్టినట్టు అయిపోద్ది. అయిపోయిందా, ఎండ వచ్చిన రోజు లక్క కలపని ఒట్టి స్పిరిట్‌తో తడిపిన గుడ్డ తేలిగ్గా ఒకసారి లాగితే చాలాసార్లు పోద్ది.

ల్యాంప్ స్టాండ్ అయితే ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాత ఫిలమెంట్ బల్బు వేడికి పై భాగంలో బంక మళ్ళీ కదులుద్ది.

10. అప్పటికీ తేడా వస్తే

- *వేసవిలో పాలిష్ మీద చుక్క తేలింది:* చల్లబడ్డాక బ్లేడుతో గీకి, అక్కడ టర్పెంటైన్‌తో తుడిచి, లక్క రెండు పూతలు, పైన పాలిష్. మొత్తం ఊడదియ్యక్కర్లేదు.
- *చెక్క చుట్టూ స్ప్రింగులా మెలికల గీతలు పడ్డాయి:* సన్నటి ముక్క ఊగుతోంది. వెనక నుంచి అరచేత్తో తేలిగ్గా ఆసరా ఇవ్వండి, టెయిల్‌స్టాక్ అతిగా బిగించి ఉంటే కాస్త వదలండి.
- *స్క్యూ దిగబడి చెక్క ఎగిరింది:* అంచు పై మొన తగిలింది. ఎప్పుడూ కింది సగంలోనే కొయ్యాలి.
- *తిప్పుతుంటే కాలిన వాసన:* ముందు టెయిల్‌స్టాక్ సెంటరు, తర్వాత పదును, ఈ వరసలో చూడండి.

11. పని అయ్యాక

చేతికి అంటిన బంక సబ్బుకి పోదు. కొబ్బరి నూనె రాసి బాగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడుక్కోండి, కోనసీమలో ఆ నూనెకి కొదవేం లేదు. టర్పెంటైన్‌తో చేతులు కడుక్కోవడం మానెయ్యండి, చర్మం పగిలిపోద్ది.

ఉలులకి టర్పెంటైన్, ఎండిపోయిన మొండి బంకైతే వేడి నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి కాసేపు నానబెట్టి, తుడిచి, వెంటనే నూనె చుక్క రాయాలి, మన ఉప్పు గాలికి ఒక్క రాత్రిలో తుప్పు లేస్తది. పిడి నీళ్ళలో మునగకూడదు.

టర్పెంటైన్ గుడ్డలు, ముఖ్యంగా వేరే పనికి అవిసె నూనె వాడిన గుడ్డలు, ఉండ చుట్టి మూలన పడెయ్యకండి, నూనె గుడ్డ దానంతట అదే వేడెక్కి అంటుకుంటది. తీగ మీద విడివిడిగా ఆరేసి తర్వాత పారెయ్యండి. లేత్ కింద పొట్టు కూడా ఏ రోజుకి ఆ రోజు ఊడ్చి గోతాంలోకి ఎత్తెయ్యండి, బంక చెక్క పొట్టు చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటది, సానరాయి పక్కన అసలు ఉంచొద్దు.